కింది దారిన వచ్చిన సారె

నా ఉద్యోగ జీవితం మొత్తంలో ఆసుపత్రి కోసం నేనే బజారుకు వెళ్ళి, ఎంచి, తెచ్చిన పరికరం ఒక్కటే. అది మిక్సీ. కొత్తగా నర్సింగు చదివి డ్యూటీలో చేరిన పిల్లలు ఈ మాట వింటే నవ్వుతారు. నవ్వండి, నాకేం కోపం లేదు. ఆ రోజు బయటికి నవ్వలేక నేను లోపల్లోపల చచ్చాను.

కర్నూల్లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, పొట్ట జబ్బుల విభాగానికి ఇన్‌చార్జి సిస్టరుగా చేసి ఈమధ్యనే రిటైరయ్యాను. ఎండోస్కోపీ గదిలో నాకు తోడు ఒక టెక్నీషియన్ ఉండేవాడు. వన్‌టౌన్ ముస్లిం. నాకంటే నాలుగైదేళ్ళు చిన్న, నన్ను అక్కా అనేవాడు. యంత్రం పాడైతే ఎంత ప్రేమగా చూసేవాడో, మనుషులు పాడైతే అంత చిరాకు పడేవాడు. మిక్సీ కొనడానికి నన్ను తీసుకువెళ్ళింది కూడా అతనే, వాళ్ళ మేనమామ అంగడికి.

ఆ పెద్దాయన మర్యాదస్తుడు. కుర్చీ వేయించి, చాయ్ తెప్పించి, "ఏం రుబ్బుతావు బేటీ దీంట్లో? ఎండుదా, పచ్చిదా?" అని అడిగాడు.

"పచ్చిదే మామూ. మెత్తటిది. నీళ్ళు పోసి తిప్పేది" అన్నాను.

"అట్లయితే జ్యూసు జారు ఉండేది తీసుకో. లోపల జల్లెడ ఉంటాది. పిప్పి పైన నిలుస్తాది, రసం కిందికొస్తాది. మా ఇంట్లో గూడ ఇదే."

మా టెక్నీషియన్ తల పైకెత్తి అంగడిలో వేలాడే ఫ్యాన్లను లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నేను చాయ్ గ్లాసులో తల దూర్చాను. లేచి వస్తుంటే పెద్దాయన మేనల్లుడికి మరీ మరీ చెప్పాడు: "ఫస్టు గ్లాసు నాకు తెచ్చియ్యల్లరా, మరిచిపోవద్దు." బండి మీద రాజ్‌విహార్ సెంటరు దాటేదాకా మేమిద్దరం ఒకరితో ఒకరం మాట్లాడలేదు. మాట్లాడితే బండి పడిపోయేది.

ఇంతకూ మిక్సీ ఎందుకో చెప్పాలి.

జమ్మలమడుగు అవతల ఒక పల్లె నుంచి ఒక పెద్దామె వచ్చి మా వార్డులో చేరింది. అరవై దగ్గర ఉంటుంది వయసు. భర్త లేడు, ఒకతే కూతురు. కాలిలో ముల్లు విరిగి పుండైతే, ఊళ్ళో మందుల అంగడివాడు ఇచ్చిన యాంటీబయాటిక్ గోలీలు ఇష్టం వచ్చినట్టు మింగింది. పుండు మానింది. కడుపు చెడింది. చెడడమంటే మామూలుగా కాదు, మంచానికీ మరుగుదొడ్డికీ మధ్యనే ఆమె బతుకంతా గడిచిపోయేంతగా.

ఇది ఎలా జరుగుతుందో ఒక్క ముక్కలో చెబుతాను, మళ్ళీ పాఠం చెప్పను. మన పేగుల్లో మంచి క్రిములు కాపురం ఉంటాయి. అవసరం లేకుండా వాడిన గోలీలు చెడ్డవాటితో పాటు వాటినీ చంపేస్తాయి. అలా ఖాళీ అయిన ఇంట్లో ఒక రౌడీ క్రిమి జొరబడి, కూర్చున్న చోటంతా పుండు చేస్తుంది. దాన్ని చంపడానికి ఇంకో గట్టి మందు ఇస్తాం. మందు ఇచ్చినంతకాలం దాక్కుంటుంది, ఆపగానే మళ్ళీ వస్తుంది. ఆమెకు అలా వస్తూ పోతూ ఉంది, వచ్చిన ప్రతిసారీ ఆమెలో సగం తీసుకుపోతూ ఉంది. నేను ఇంజక్షన్ చేయడానికి చెయ్యి పట్టుకుంటే, గాజులు మోచేతి దాకా జారిపోయేవి.

మా డాక్టరు కుర్రవాడు. పెద్ద ఊళ్ళో పెద్ద చదువు చదివి అప్పుడే వచ్చాడు. మనిషి మంచివాడు, చెయ్యి మంచిది, నోరే లేదు. ఒకరోజు కూతురిని పిలిచి, ఇక మందులతో లాభం లేదని, కొత్త చికిత్స ఒకటి ఉందని మొదలుపెట్టాడు. "ఆరోగ్యవంతుడైన ఒక దాత నుంచి సేకరించిన పదార్థంలోని సూక్ష్మజీవులను పేషెంటు పేగులోకి ప్రవేశపెడతాం" అన్నాడు.

"రక్తమా సార్?" అంది కూతురు.

"కాదమ్మా."

"కిడ్నీనా?"

"కాదు. అది... అంటే ఆ పదార్థం... సిస్టర్, కొంచెం మీరు చెప్పండి."

నేను చెప్పాను. "ఆరోగ్యంగా ఉండే మనిషి దొడ్డికి పోయింది తెచ్చి, నీళ్ళలో కలిపి, వడగట్టి, మీ అమ్మ పేగులో పోస్తాం. అందులోని మంచి క్రిములు ఆ రౌడీని తరిమేస్తాయి."

ఆ పిల్ల నన్ను కాసేపు చూసి, డాక్టరు వైపు తిరిగి, "సార్, ఈయమ్మ ఏందో అంటాండాది" అని ఫిర్యాదు చేసింది. ఆయన తల దించుకుని, అదేనమ్మా అన్నాడు.

దాత కోసం వెతుకులాట మొదలైంది. కూతురికి షుగరు, ఆమె పనికిరాదు. ఆసుపత్రి సిబ్బందిని తీసుకోకూడదు, మా పొట్టల్లో మందులకు లొంగని క్రిములు ఉంటాయి. బంధువుల్లో ఒప్పుకున్నవాళ్ళకు రిపోర్టులు బాగాలేవు. రిపోర్టులు బాగుండే వయసువాళ్ళు, సంగతి తెలిసిన మరుక్షణం నుంచి ఫోను ఎత్తడం మానేశారు. చివరికి మిగిలింది అల్లుడు. ఆదోని అవతల సేద్యం చేసుకునే మనిషి, మాట తక్కువ. అడిగితే నేలను చూస్తూ సరే అన్నాడు.

అల్లుడు ఒప్పుకున్నాడు గానీ అత్త ఒప్పుకోలేదు. కొంగు తల మీదికి లాక్కుని గోడ వైపు తిరిగింది.

"కాళ్ళు కడిగి బిడ్డనిచ్చినా సిస్టరమ్మా. ఆయప్ప వస్తే నేను మంచం మీద గూడ కూచోను, లేచి నిలబడతా. అట్లాటిది ఆయప్పది..." కూతురు మంచం కోడు పట్టుకుని ఏడ్చిన తర్వాత, "నాకు చెప్పొద్దు, చూపించొద్దు, ఏమన్నా చేసుకోండి" అని కళ్ళు మూసుకుంది.

అల్లుడి పరీక్షలన్నీ బాగా వచ్చాయి. ఆ రిపోర్టులు వచ్చిన సాయంత్రమే మేం మిక్సీ కొన్నది. దాని మీద పెద్ద అక్షరాలతో ఎవరూ ముట్టరాదు అని రాసి అతికించాం. మా క్యాంటీనువాడు అది చూసి, కొత్త మిక్సీ ఊరికే పెట్టుకుని ఏం చేస్తారు, అల్లప్పచ్చడికి ఇవ్వండి అని వారమంతా నా వెంటపడ్డాడు. ఇప్పుడిస్తే తర్వాత నువ్వే బాధపడతావు అని చెప్పాను. ఎందుకో చెప్పలేదు.

అనుకున్న రోజు ఉదయం అల్లుడూ కూతురూ వచ్చి కూర్చున్నారు. నేను మామూలుగా అడగాల్సినవి అడుగుతూ, ఈమధ్య మందులేమైనా వేసుకున్నావా అన్నాను. అతను భార్య ముఖం చూశాడు. భార్య ముఖంలో బడిలో మొదటి మార్కు వచ్చిన వెలుగు.

"నేనే వేయించినా సిస్టరమ్మా. అమ్మ కడుపులోకి పోయేది గదా, క్రిములేమన్నా ఉంటే కష్టమని. అమ్మకు కాలు పుండుకి తెచ్చిన గోలీలే మిగిలి ఉంటే, రోజూ దగ్గరుండి మింగించినా. ఇప్పుడు శానా శుభ్రంగా ఉంటాది."

తల్లిని ఈ గతికి తెచ్చిన గోలీలే అవి. మేం ఏ క్రిముల కోసం ఇన్నాళ్ళు వెతికామో, వాటిని అల్లుడి కడుపులో దగ్గరుండి తుడిచిపెట్టింది. ఆ పిల్లను తిట్టడానికి నోరు తెరిచాను. కానీ ఆమె నిలబడిన తీరు చూసి ఆపుకున్నాను. దేవుడి గదిలోకి పోయే బిందెను ఎలా తోముతామో, పాపం, మొగుడి పేగులను అలా తోమింది. మా డాక్టరు విని కుర్చీలో కూలబడ్డాడు. ఒకసారి ఆ గోలీలు మింగాక మూడు నెలలు ఆగితే గానీ దాతగా పనికిరాడు.

సరిగ్గా అప్పుడే వార్డు తలుపు దగ్గర గొంతు వినపడింది. "యాడుండాడు నా కొడుకు?"

అల్లుడి తల్లి. ఎండకు కాగి గట్టిపడిన మనిషి. యాభై దాటినా నడిచి వస్తుంటే సెలైను స్టాండ్లు పక్కకు జరిగినట్టు అనిపించింది. నేరుగా మా డాక్టరు ముందుకు వచ్చింది.

"అల్లునికి ఓళిగలు పెడతారు, బట్టలు పెడతారు. ఈడేమో కడుపులోది తీసియ్యమంటాండారంట. ఇది యా ఊరి మర్యాదప్పా?"

డాక్టరు నా వైపు చూశాడు. నేను ఆమెను కూర్చోబెట్టి, ఇక మీ కొడుకుది అవసరం లేదులే అని, గోలీల సంగతి చెప్పాను. ఆమె ముందు నోరు తెరిచింది. తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని కదిలి కదిలి నవ్వింది. "నా కోడలు శానా శుభ్రం సిస్టరమ్మా. వీలైతే పాలను గూడ కడిగి కాస్తాది" అంది.

నవ్వు అయ్యాక, మరి ఆయమ్మకు ఇప్పుడెట్ల అని అడిగింది. మూడు నెలలు ఆగాలి, అప్పటిదాకా ఉంటుందో ఉండదో అని డాక్టరు నిజం చెప్పాడు. ఆమె లేచి, వార్డు తలుపు అద్దంలోంచి లోపలికి చూసింది. మంచం మీద దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు. చాలాసేపు అక్కడే నిలబడింది. వచ్చాక గొంతు తగ్గింది.

"ఏందిట్ల అయిపాయె ఈయమ్మ. సిస్టరమ్మా, నాకు చెయ్యండి ఆ పరీక్షలు."

నేను ఆశ్చర్యపోయి ముఖం చూస్తే, కసురుకుంది. "ఏం సూస్తావు? ఆయమ్మ పోతే నా కోడలు ఏడ్చుకుంటా మూల కూచుంటాది. మిరప చేనుకి నీళ్ళెవురు కడతారు?"

కూతురు మాత్రం నన్ను వరండాలోకి లాక్కుపోయింది. అసలు కథ అప్పుడు తెలిసింది నాకు.

పెళ్ళిరోజు భోజనాల దగ్గర ఏదో మర్యాద తక్కువైందని ఈ వియ్యపురాలు తన వాళ్ళందరినీ లేపి, వడ్డించిన విస్తళ్ళ ముందు నుంచి వెళ్ళిపోయింది. ఆడపిల్ల తల్లికి అంతకు మించిన అవమానం లేదు. ఆమె అందరి ముందూ కూతురి తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసింది, ఆ ఇంటిది ఏదీ నా గొంతు దిగదు అని. అప్పటి నుంచి కూతురిని చూడడానికి ఆదోని పోతే, సద్ది మూటా నీళ్ళ సీసా తనవే తీసుకుపోతుంది. అరుగు మీదే కూర్చుని, బిడ్డను చూసి, సాయంత్రం బస్సుకు తిరిగి వస్తుంది. వియ్యపురాలు లోపల్నుంచి, ఎండకు మాడుతాండారు, మజ్జిగన్నా తాగమను అని కోడలితో చెప్పిస్తుంది. ఈమె అరుగు మీద నుంచి, నా నీళ్ళు నాకుండాయి అని కూతురితోనే చెప్పిస్తుంది. పదేళ్ళ పైగా ఇదే నడక.

"అమ్మకు చెప్పొద్దు సిస్టరమ్మా. ఇంకెవురిదో అని చెప్పండి. అత్తది అంటే సచ్చినా ఒప్పుకోదు" అని నా చేతులు పట్టుకుంది.

నిజం చెప్పొద్దూ, నాకు ఆ అబద్ధం బాగానే అనిపించింది. డాక్టరే వీల్లేదన్నాడు. ఏది పోస్తున్నామో, ఎవరిది పోస్తున్నామో ఆమెకు తెలియాలి, ఆమే సరే అనాలి. నోరు లేని మనిషి ఆ ఒక్క విషయంలో మాత్రం గట్టిగా నిలబడ్డాడు. చెప్పే పని యథాప్రకారం నాది.

నేను చెప్పేలోపే వియ్యపురాలి రిపోర్టులు వచ్చాయి. మా డాక్టరు వాటిని చూసి పరవశించిపోయాడు. ఇంత చక్కటి కడుపు నేను చూడలేదమ్మా అన్నాడు. ఆ మాట ఆమె ఆసుపత్రి అంతా మోసుకు తిరిగింది. రిసెప్షన్లో కూర్చున్న ముక్కూ ముఖం తెలియని వాళ్ళకు కూడా, "నా కడుపు మాదిరి కడుపు ఈ జిల్లాలో లేదంట. జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ, ఇంటి ఎనుము పెరుగు. ఇంగేం లేదు" అని చెప్పింది.

తర్వాత నేను పెద్దామె మంచం పక్కన కూర్చున్నాను. అల్లుడిది కుదరలేదని, వియ్యపురాలిది కుదిరిందని చెప్పాను. ఆమె కళ్ళు తెరవలేదు.

"ఒద్దు" అంది.

"చచ్చిపోతావమ్మా."

"పోతాలే. అల్లుడంటే నా బిడ్డలో సగం, ఆయమ్మది మాత్రం ఆ ఇంటిదే. నా బిడ్డ తల మీద ఒట్టు సిస్టరమ్మా. అది తప్పితే బిడ్డకేమన్నా అయితే? నేను బతికి ఏం చేసుకోవల్ల?"

అప్పటిదాకా నాకు లోపల కోపంగా ఉండింది, ఈ ముసలి పంతాలేమిటని. ఆ మాటతో కోపం పోయింది. అది పంతం కాదు. కూతురికి ఏమైనా అవుతుందన్న భయం. ఎముకల గూడు మాదిరి పడి ఉన్నా, ఆమె కాపలా కాస్తున్నది బిడ్డనే. మందులు పనిచేయని చోట నేను ఎప్పుడూ ఓడిపోయినట్టు అనుకోలేదు గానీ, ఆ నిమిషం అనుకున్నాను.

అప్పుడు నా బుర్రలో దొంగబుద్ధి ఒకటి మెదిలింది.

"అమ్మా, ఆ రోజు ఒట్టు ఏమని వేసినావు? సరిగ్గా ఏ మాట అన్నావో చెప్పు" అన్నాను.

"ఆ ఇంటిది ఏదీ నా గొంతు దిగదని."

"గొంతు అన్నావా, కడుపు అన్నావా?"

ఆమె ఒక కన్ను తెరిచింది. "గొంతే."

"ఇంకేమీ అనలేదు కదా?"

"ఇంగేమంటారు, ఎవురన్నా? తినేది గొంతులోనే గదా దిగేది."

మీకు ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. డాక్టరు ఆ మందును ముక్కు నుంచి గొట్టం వేసి పంపాలనుకున్నాడు. ఆమె పెద్దపేగు వాచి ఉంది, కింది నుంచి కెమెరా గొట్టం పెడితే ఎక్కడ చిరుగుతుందోనని ఆయన భయం. ముక్కు నుంచి పోతే మాత్రం గొంతు దాటాల్సిందే.

"కింది దారిన పోస్తే?" అన్నాను.

ఆమె రెండో కన్ను కూడా తెరిచింది. అంత నీరసంలోనూ ఆ ముఖంలో లెక్కలు కట్టడం నాకు కనపడింది. పొలం గట్టు తగాదాలో పెద్దమనుషులు ఆలోచించినట్టు ఆలోచించింది. "ఆ దోవన వస్తే గొంతు తగలదా?" అంది.

"అసలు ఆ ఛాయలకే పోదు."

"అయితే ఒట్టు తప్పినట్టు గాదు" అని, పొడిబారిన పెదవులతో నవ్వింది. ఆమె నవ్వడం నేను చూడడం అదే మొదలు. "కానీ సిస్టరమ్మా. పైనుంచి మాత్రం ఒద్దు."

డాక్టరు దగ్గరికి వెళ్ళి, కింది నుంచే చేయాలి సార్ అన్నాను. ఆయన కోపంగా, అది నేను నిర్ణయించాల్సింది సిస్టర్ అన్నాడు. నిర్ణయం మీదే సార్, ఒట్టు మాత్రం ఆమెది అని సంగతంతా చెప్పాను. ఆయన నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. మళ్ళీ స్కాను తీయించి, వాపు కొంచెం తగ్గిందని చూసి, తనకు చదువు చెప్పిన పెద్ద డాక్టరుకు ఫోను చేసి మాట్లాడి, నిదానంగా పోతే పోవచ్చు అన్నాడు. ఆ ముఖంలో భయం పోలేదు. పేగు చిరిగితే ఆమెకు ఆపరేషను తట్టుకునే శక్తి లేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు, సంతకం పెట్టిన కూతురికీ చెప్పాం.

ఆ రోజు వచ్చింది. వియ్యపురాలిని ముందు రోజే ఆసుపత్రిలో ఉంచుకున్నాం. పొద్దున్నే ఆమెకు మూతున్న డబ్బా ఇచ్చి బాత్రూమ్ చూపించాం. బయట నేను, మా టెక్నీషియన్, అల్లుడు, డాక్టరు ప్రసూతి గది ముందు నిలబడ్డట్టు నిలబడ్డాం. లోపల సద్దు లేదు. డాక్టరు గడియారం చూసుకున్నాడు. ఎండోస్కోపీ గదిలో పెద్దామెను సిద్ధం చేసి పడుకోబెట్టి ఉంచాం. ఆమెకు ఆలస్యం పనికిరాదు.

తలుపు తెరిచి వియ్యపురాలు ఖాళీ డబ్బాతో బయటికి వచ్చింది. "ఇంతమంది కాపలా ఉంటే యాడొస్తాది? పైగా ఆ తెల్ల పింగాణీ మీద నాకు కుదరదు. పొద్దున్నే చేనుకి పోయేదాన్ని. గాలి తగలల్ల."

మా ఆసుపత్రి ఊరి చివర, వెనకాల ఖాళీ జాగాలో కంపచెట్లు. నేను డాక్టరును చూశాను. ఆయన ఆకాశాన్ని చూశాడు. చేసేదేముంది, నేను గొడుగు తీసుకుని, డబ్బాతో సహా ఆమెను వెనక గేటు నుంచి తీసుకుపోయాను. ఇంత సర్వీసు చేసిన ఇన్‌చార్జి సిస్టరును, తెల్ల కోటు వేసుకుని, కంపచెట్టుకు అడ్డంగా గొడుగు పట్టుకుని నిలబడ్డాను. సెక్యూరిటీ గార్డు లాఠీ ఊపుకుంటూ వచ్చి ఏం మేడమ్ అంటే, సూర్యనమస్కారాలు, పోవయ్యా అన్నాను. అతను గొడుగు కేసి ఒకసారి, నా కేసి ఒకసారి చూసి, రెండు చేతులూ జోడించి వెళ్ళిపోయాడు.

కాసేపటికి ఆమె విజయగర్వంతో లేచి వచ్చి, డబ్బా నా చేతిలో పెట్టింది. పెడుతూ ఒక మాట అంది. "ఆడపిల్ల ఇంటి వాళ్ళు మగపిల్లోని ఇంటికి సారె పంపేది చూసినాం గానీ, మగపిల్లోని వాళ్ళు ఇట్ల సారె పంపేది యాడన్నా ఉండాదా సిస్టరమ్మా? నిండుగా ఉండాది, కొరత లేదని చెప్పు ఆయమ్మకు."

నేను పొట్ట పట్టుకుని ఆ కంపచెట్ల మధ్యే కూర్చుండిపోయాను.

లోపల మా టెక్నీషియన్ రెండు మాస్కులు కట్టుకుని, సెలైను పోసి, మిక్సీ తిప్పాడు. "అక్కా, మామూకి ఫస్టు గ్లాసు?" అన్నాడు మాస్కుల వెనక నుంచి. నోరు మూసుకుని తిప్పరా అన్నాను. గాజుగుడ్డలో వడగట్టి, పెద్ద సిరంజిలలోకి ఎక్కించాం. అంతవరకే నవ్వులు. డాక్టరు గొట్టం చేతిలోకి తీసుకున్నాడు.

తెర మీద ఆమె పేగు కనపడుతోంది. ఎర్రగా, పసుపు మచ్చలతో, ముట్టుకుంటే రక్తం కారేలా ఉంది. ఆయన గొట్టాన్ని ముందుకు పంపుతాడు, ఆగుతాడు, వెనక్కి తీస్తాడు. ఒక మలుపు దగ్గర మరీ ఎక్కువసేపు ఆగిపోయాడు. ఆయన చెంప మీద చెమట కారుతుంటే తుడిచాను. వదిలేద్దామా అన్నట్టు నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపలేదు, నిలువుగా ఊపలేదు. అది ఊపగలిగే విషయం కాదు. ఆయన మళ్ళీ తెర వైపు తిరిగి, వెంట్రుకవాసి ముందుకు జరిపాడు. మలుపు తిరిగింది. సిరంజి, సిస్టర్, అన్నాడు.

వియ్యపురాలి సారె కొంచెం కొంచెంగా లోపలికి పోయింది.

తర్వాత ఎదురుచూడడమే పని. మందులు ఆపేశాం. మొదట ఏ తేడా కనపడలేదు. కూతురు నా ముఖం చూడడం మానేసింది, చూస్తే ఏం చెబుతానో అని. డాక్టరు రౌండ్సు లేకపోయినా ఏదో ఒక వంకతో ఆ మంచం దగ్గరికి వచ్చిపోయేవాడు. వియ్యపురాలు ఊరికి పోలేదు. వార్డులోకి మాత్రం రాలేదు. వరండాలో బెంచీ మీద పడుకుని, పోయేవాళ్ళనూ వచ్చేవాళ్ళనూ "లోపల ఎట్లుండాది?" అని అడిగేది.

జ్వరం దిగింది. మంచం దిగడం తగ్గింది. ఒక ఉదయం బెడ్‌పాన్ తీసిన నేను అక్కడే ఆగిపోయాను. గట్టిగా, మామూలు మనిషికి అయినట్టే అయ్యింది. మీరు ముక్కు చిట్లించండి, నేను మాత్రం ఇంత అందమైనది నా సర్వీసులో చూడలేదు. డాక్టరును పిలిస్తే పరిగెత్తుకుంటూ వచ్చి, దాన్ని నగల పెట్టెలోకి చూసినట్టు వంగి చూశాడు. కళ్ళలో నీళ్ళు. మా టెక్నీషియన్ ఎక్కడి నుంచో పావుకిలో చక్కెర తెచ్చి వార్డంతా పంచాడు. వరండాలో ఒక ముసలాయన చక్కెర నోట్లో వేసుకుని, మగబిడ్డా, ఆడబిడ్డా అని అడిగాడు. వియ్యపురాలు తడుముకోకుండా, "నాదే, సుఖంగా అయ్యింది" అంది.

ఆ మధ్యాహ్నం పెద్దామె నన్ను పిలిచింది. మెల్లగా, సిగ్గుపడుతూ, "ఆకలయితాండాది సిస్టరమ్మా" అంది. నెలల తర్వాత ఆమె నోట ఆ మాట. డాక్టరు మెత్తటి పెరుగన్నం పెట్టొచ్చన్నాడు. కూతురు క్యాంటీనుకు పరిగెత్తింది.

వరండాలో వియ్యపురాలు అది విని, తన సంచిలోంచి స్టీలు క్యారియరు తీసి లోపలికి వచ్చేసింది. అన్నేళ్ళలో వాళ్ళిద్దరూ ఒక గదిలో ముఖాముఖి నిలబడడం అదే మొదలు. ఆమె క్యారియరు మూత తీసింది. ఇంటి ఎనుము పెరుగు కలిపి, మెత్తగా పిసికిన అన్నం. ఊరి నుంచి పొద్దున బస్సులో కొడుకు చేత తెప్పించిందట. పెద్దామె ఆ అన్నాన్ని చూసింది, వియ్యపురాలి చేతిని చూసింది. గుటక మింగింది. తల పక్కకు తిప్పుకుంది.

ఇది గొంతు దారే, మరి. వియ్యపురాలికి అది తెలుసు. మూత పెట్టబోయింది.

"సిస్టరమ్మా" అంది పెద్దామె, గోడను చూస్తూనే. "నీ తావ గిన్నె ఏమన్నా ఉండాదా?"

"ఉంది."

"దాంట్లోకి వొంపుకో ఆ అన్నం. నీకు ఇస్తాండారు, తీసుకో. ఇంగ అది నీది. నువ్వు నీ చేత్తో నాకు పెట్టు."

నేను నేర్పిన దొంగబుద్ధి నాకే అప్పజెప్పింది. నా టిఫిను గిన్నె తెచ్చాను. వియ్యపురాలు అన్నమంతా అందులోకి వంచి, నా చేతికిచ్చి, రెండడుగులు వెనక్కి జరిగింది. నేను చెంచాతో మొదటి ముద్ద పెట్టాను. పెద్దామె దాన్ని నోట్లోనే ఉంచుకుని, మెల్లగా నమిలి, మింగింది. రెండోది. మూడోది. గొంతు మీద ఎముక పైకీ కిందికీ కదులుతుంటే ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం.

"ఎవురు చేసినారో గాని, బాగుండాది" అంది పెద్దామె.

వియ్యపురాలు కొంగుతో ముఖమంతా గట్టిగా తుడుచుకుంది. తర్వాత మామూలు గొంతు తెచ్చుకుని, "ఇంకొంచెం పెట్టు సిస్టరమ్మా, నీ గిన్నెలోదే గదా" అంది.